తస్కరుని శ్రవణసాధన

చౌర్యమునకు కూడ ఒక శాస్త్రము కలదని సంస్కృతసాహిత్యము చదివినవారు ఎఱుగుదురు. శూద్రకుని మృచ్ఛకటికమున తృతీయాంకమునందు శర్విలకుడను బ్రాహ్మణయువకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయుటకు వచ్చును. గోడలో ఏ భాగము సడలియున్నదో మొదట పరీక్షించును. ప్రతిదినము సూర్యునికి విడిచిన నీరు పడి పెళుసుబారిన చోటును, ఎలుకలు తవ్విపోసిన మట్టిని గుర్తించును. కన్నమునకు ఏడు ఆకృతులు కలవు. ఈ గోడకు పూర్ణకుంభాకృతి శోభించునని నిశ్చయించుకొనును. కొలతత్రాడు మరచి వచ్చినందున యజ్ఞోపవీతముతోనే కొలత తీసికొనును. దీపమార్పుటకు ఒక పురుగును విడుచును. తలుపు కిఱ్ఱుమనకుండ నీరు చల్లి, ఆ నీరు నేలపై పడి చప్పుడగునేమోయని మరల శంకించును. పడుకొన్నవారిది నిజమైన నిద్రయా, కపటనిద్రయా యని శ్వాసగతిని బట్టి తేల్చుకొనును.

హైదరాబాదులో ఇంటర్మీడియెట్ విద్యార్థులకు 30 యేండ్లు సంస్కృతము బోధించిన ఒక అధ్యాపకులు, పాఠ్యప్రణాళికలో లేకున్నను, ఈ ఘట్టమును ప్రతిసంవత్సరము చెప్పెడివారు. మార్కుల కొరకే సంస్కృతము తీసికొన్న పిల్లలు, శబ్దరూపముల మాట ఎత్తగానే ఆవులించువారు, కన్నము మాట వినగానే నిటారుగా కూర్చుండెడివారు. దొంగకథకు ఉన్న ఆకర్షణ దొరకథకు లేదని ఆయన నవ్వుచు అనెడివారు.

పదవీవిరమణానంతరము ఆయన రాజమహేంద్రవరములోని పాత ఇంటికి చేరినారు. 84 ఏండ్ల తల్లిగారు తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన నాటినుండి ఎవరైనను చేయి పట్టనిదే మంచము దిగలేరు. పగలు ఒక ఆయా వచ్చి చూచుకొనును, రాత్రిభారము కుమారునిది. తల్లిగారిది కోడికునుకు, కుమారునకు అదియు లేదు. జపమునకు కూర్చుండినచో మనస్సు నిలువదు. గ్రంథము తెరచినచో అక్షరములు అలికినట్లగును. ఇట్లుండగా సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు తన పాత ల్యాప్‌టాప్‌ను అక్కడ విడిచిపోవుచు ఒక మాట చెప్పెను.

"మామయ్యా, చిన్నప్పుడు మీరు చెప్పిన ఆ కన్నాల దొంగ ఇందులో ఉన్నాడండీ. నిద్ర పట్టనప్పుడు ఆడి చూడండి. కానీ హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. ఇది కళ్ళతో ఆడే ఆట కాదు, చెవులతో ఆడేది."

ఆ ఆట పేరు 'థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్'. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున కేంబ్రిడ్జ్ పట్టణములో ఉండిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ అను సంస్థ దీనిని 1998లో వెలువరించినది. ఆ సంస్థ 2000లో మూతపడినది. ఆటను ప్రేమించినవారు మాత్రము దానికి క్రొత్త ఘట్టములను నేటికిని స్వయముగా కల్పించుకొనుచునే యున్నారు. కథానాయకుడు గారెట్ అను దొంగ. పేరులేని ఒక మహానగరమున, రాతికోటలు, కాగడాలు, యంత్రములు కలగలిసిన ఒక విచిత్రకాలమున వాని సంచారము. బాల్యమున ఆకలితో వీధులలో తిరుగుచు, జనులెవ్వరును గమనించని ఒక వ్యక్తి జేబు కొట్టబోయి వాడు పట్టుబడును. ఆ వ్యక్తి 'కీపర్లు' అను గుప్తసంప్రదాయమునకు చెందినవాడు. తనను చూడగలిగిన బాలుని శిక్షింపక శిష్యునిగా స్వీకరించును. కనబడకుండ సంచరించు విద్యను సంపూర్ణముగా నేర్చిన పిదప గారెట్ ఆ గురుకులమును విడిచి, ఆ విద్యతోనే జీవనోపాధికై దొంగతనమునకు దిగును. పతంజలి విభూతిపాదమున అంతర్ధానసిద్ధిని చెప్పి, సిద్ధులు సమాధికి ఉపసర్గములని హెచ్చరించుట యోగాభ్యాసకులకు తెలిసినదే. గారెట్ ఆ హెచ్చరికను వినని శిష్యుడు.

ఆరంభదినములలో అధ్యాపకులు వరుసగా పట్టుబడినారు. కత్తి దూసి పరుగెత్తుట వలననే అట్లు జరిగినది. తక్కిన ఆటలలో శత్రువు కనబడిన వెంటనే కొట్టవలెను; ఇందు ఇద్దరు భటులు ఎదురైనచో గారెట్ నిలువలేడు. వాడు బలహీనుడు, వాని బలమంతయు చీకటిలో ఉన్నది. ఇది మనస్సునకు పట్టిన తరువాత గాని ఆట సాగదు.

తెర అడుగుభాగమున ఒక మణి కలదు. దొంగ వెలుతురులో నిలిచినప్పుడు అది ప్రకాశించును, చీకటిలో నల్లబడును. క్రొత్తవారు భటుని వైపే చూచుచు దీనిని మరచెదరు. ముందు మణిని చూడవలెను, తరువాత భటుని. నిలుచున్న దానికంటె వంగియున్నప్పుడు, కదలుచున్న దానికంటె నిశ్చలముగా ఉన్నప్పుడు దొంగ తక్కువగా కనబడును. కత్తి దూసినచో మణి మరికొంత వెలుగును. ఆయుధము చేబూనినవాడు తక్కినవారికంటె ఎక్కువగా కనబడుట లోకమునందును ఉన్నదే. కావున అవసరములేని వేళ చేతులు ఖాళీగా ఉంచుకొనుట మంచిది. మణి పూర్తిగా నల్లబడినప్పుడు భటుడు రెండడుగుల దూరమునుండి పోయినను చూడలేడు. ఆ క్షణమున వ్రేళ్ళు ఏ మీటను తాకకుండ ఉండుటయే కష్టము. పారిపోవలెనను తొందర వలన పట్టుబడినవారే అధికులు.

అయినను మేనల్లుడు చెప్పినది సత్యము. ఈ ఆటకు ప్రధానేంద్రియము శ్రోత్రము. పాదముక్రింద ఏమున్నదను దానిని బట్టి అడుగుల చప్పుడు మారును. తివాచీ, పచ్చిక, మట్టి మన్నించును. రాతిబండ కొంత చెప్పును. పలకలు పరచిన నేల, ఇనుపజాలీ మాత్రము ఇల్లంతటికి చాటును. అట్టి నేలపై వంగి, అతినెమ్మదిగా, నాలుగడుగులకొక పరి ఆగుచు నడువవలెను. నాచుబాణములు కొన్ని దొరకును. వానిని విడిచినచో నేలపై మెత్తని పరుపు ఏర్పడి అడుగులు వినబడవు. వానిని ఇనుపజాలీ కొరకు దాచుకొనుట వివేకము. మనయడుగులు భటునికి వినబడునట్లే భటుని అడుగులు మనకు వినబడును. శబ్దము గోడను చీల్చుకొని రాదు. తెరచిన ద్వారములగుండ, వసారాలగుండ చుట్టుతిరిగి వచ్చును. కావున మూసిన తలుపునకు చెవి ఆనించునట్లు ముందుకు ఒరగి వినవలెను. రాతినుండి తివాచీపైకి వాడు అడుగిడిన క్షణము కూడ తెలియును. వాడు ఈల వేయును, దగ్గును, తనలో తాను గొణుగుకొనును. ఏ వసారాలోనైనను ప్రవేశించుటకు పూర్వము భటుని ప్రదక్షిణము ఒకటి పూర్తిగా విని, ఎచట ఆగునో, ఎచట మరలునో లెక్కించి, రెండవ ప్రదక్షిణమున అడుగు వేయవలెను. శ్రవణమనననిదిధ్యాసనములను క్రమమున మొదటిదానికే ఇంత ఓర్పు కావలెనని తరగతిలో ఎన్నడును తాను చెప్పలేదని అధ్యాపకులకు అనిపించినది.

నీటిబాణములు కాగడాలను ఆర్పును. శర్విలకుని దీపపు పురుగునకు ఇవి వారసులు. చేతిలో ఉన్నవి కొద్దియే. కనబడిన ప్రతి కాగడాను ఆర్పుచు పోవువానికి చివరి మందిరమున ఒక్కటియు మిగులదు. ఏ కాంతిని దాటక తప్పదో దానినే ఆర్పవలెను. విద్యుద్దీపములపై నీరు పనిచేయదు; వానికి మీట వెదకవలెను. త్రాటిబాణము కొయ్యలో నాటుకొనును గాని రాతిలో నిలువదు, కావున పైకప్పు దూలములను చూచుకొని వేసి, ఎక్కిన పిదప దానిని మరల ఊడదీసికొనవలెను. పటము వచ్చును గాని అది అసంపూర్ణమైన చిత్తుగీత. దానికంటె బల్లలపై పడియున్న ఉత్తరములు నయము. ఏ తాళపుచెవి ఎవరి నడుమున ఉన్నదో, ఏ గోడ వెనుక ఏమున్నదో సేవకులు పరస్పరము వ్రాసికొన్న ఫిర్యాదులలో బయటపడును. ఇక 'సేవ్' చేయుట. ప్రతి పది అడుగులకు ఆటను భద్రపరచి, పట్టుబడగానే వెనుకకు పోవు సౌకర్యము కలదు. దానికి అలవాటు పడినవాడు వినుట మానివేయును. తప్పునకు వెలలేనిచోట శ్రద్ధ నిలువదని గ్రహించి, ఒక ఘట్టమునకు ఒక్కపరియే సేవ్ చేయుదునని అధ్యాపకులు నియమము పెట్టుకొన్నారు. ఏకాదశి ఉపవాసమువలె అదియు అప్పుడప్పుడు సడలెడిదట.

ధర్మశంక ఒకటి ఆయనను వెంటాడినది. యమములలో మూడవదియగు అస్తేయమును జీవితాంతము బోధించినవాడు రాత్రివేళ పరుల ఇండ్లలో బంగారుగిన్నెలు ఏరుట సబబేనా? వ్యాసభాష్యము అస్తేయమును కేవలము తీసికొనకపోవుటగా గాక, స్పృహ లేకుండుటగా వివరించినది. ఆటలోని బంగారము బంగారము కాదు. దానిపై పుట్టు స్పృహ మాత్రము అచ్చమైన స్పృహయే. మొదటి ఘట్టములో బాఫర్డ్ ప్రభువు సౌధమునుండి రాజదండమును అపహరించవలెను. ముఖద్వారమున కాపలా ఉండుటచే బావిలోనికి దిగి, నీటిమార్గమున నేలమాళిగలోనికి చేరవచ్చును. అధ్యాపకులు రాజదండమును అవలీలగా చేజిక్కించుకొన్న రాత్రి, వెలుపలికి పోవుచు, దాటివచ్చిన గదిలో ఒక గిన్నె మిగిలెనని జ్ఞాపకము వచ్చి వెనుకకు తిరిగినారు. పలకలనేలపై పట్టుబడినారు. ఆ గిన్నె అవసరము లేదు. కావలసిన మొత్తము అప్పటికే నిండినది. పట్టుబడిన రాత్రుల లెక్క తీసినచో చీకటి చాలక చిక్కినవి కొన్ని, మరియొక గిన్నె కొరకు చిక్కినవి అనేకము.

ఆటలో మూడు స్థాయిలు కలవు. కష్టతమమగు 'ఎక్స్‌పర్ట్' స్థాయిలో దోచవలసిన సొమ్ము పెరుగును. దానితోపాటు మనుష్యులను చంపరాదను నిబంధన వచ్చును. వెనుకనుండి చేరి బ్లాక్‌జాక్ అను పొట్టి దుడ్డుతో మూర్ఛపుచ్చవచ్చును. ఆ పిదప దేహమును మోసికొనిపోయి చీకటిలో ఉంచవలెను, లేనిచో మరియొక భటుడు చూచి కేకలు వేయును. నైపుణ్యము పెరిగినవారు దానిని కూడ విడిచి, ఎవరిని తాకకుండ, ఎవరికి అనుమానము కలుగకుండ సాగిపోవుదురు. దీనికి 'ఘోస్టింగ్' అని పేరు. సామర్థ్యము పెరిగినకొలది హింస తగ్గవలెనను ఈ నియమమును ఒక దొంగల ఆటలో చూచి ఆయన విస్మితులైనారు. శ్రీరుద్రము మూడవ అనువాకమున రుద్రుని చోరులకు అధిపతిగా నమస్కరించుట ఆయన బాల్యమునుండి వినుచున్నదే. తల్లిగారి ఫోనులో ప్రతి ఉదయము ఆ నమకమే మ్రోగును.

నాలుగవ ఘట్టమునకు వచ్చుసరికి మాఘమాసము గడచినది. ఆ ఘట్టమున గారెట్‌ను చంపుటకు వచ్చిన ఇద్దరు హంతకులు పొరపాటున మరియొకనిని బాణముతో కొట్టి, పని ముగిసినదని మరలిపోవుదురు. వారిని పంపినదెవరో తెలిసికొనుటకు నగరవీధులగుండ వారి వెనుకనే పోవలెను. మరీ దగ్గరైనచో చూతురు, దూరమైనచో తప్పిపోవుదురు. ఇచట కన్ను పనికిరాదు. వారు మలుపు తిరిగినంతవరకు ఆగి, అడుగుల చప్పుడు సన్నగిలుటకు ముందే కదలి, మరల ఆగవలెను. హెడ్‌ఫోన్లలో ఆ రెండు జతల పాదముల చప్పుడు తప్ప ఆయనకు ప్రపంచము లేదు. ధారణ అనిన ఇదియే కదాయని ఒక క్షణము లోలోపల గర్వము కూడ కలిగినదట.

ఆ సౌధమును చేరి, ఘట్టము ముగించి, హెడ్‌ఫోన్లు తీసి, దాహమై లేచినప్పుడు సమయము రెండు దాటినది. నడిమిగదిలో దీపము వెలుగుచుండలేదు. మంచము ఖాళీగా ఉన్నది. తల్లిగారు గోడకు ఆనుకొని నేలపై కూర్చుండియున్నారు. చీర తడిసియున్నది. కేకలు లేవు, ఏడుపు లేదు.

"పిలిచాను రా నాన్నా. నాలుగుసార్లు పిలిచాను. పడుకున్నావేమో, పాపం నిద్ర పట్టక పట్టక పట్టిందేమోనని ఊరుకున్నాను."

ఆయన లేవదీసినారు, చీర మార్చినారు, కాలు కదలించి చూచినారు. దైవవశమున ఎముకకు ఏమియు కాలేదు. పడలేదట, మంచముకోడు పట్టుకొని మెల్లగా జారి కూర్చున్నారట. "బాగా పట్టేసిందమ్మా నిద్ర" అని ఆయన అన్నారు. ఎదురుగా నిలిచియున్న తల్లికి, తడిచీర చేతబట్టుకొని, అబద్ధము చెప్పినారు.

ఆ రాత్రి తరువాత ఒక పక్షము ల్యాప్‌టాప్ తెరువలేదు. ఇంద్రియములను ఒకచోట నిలిపినందుకు గర్వించిన వేళ, ఆ చెవులు ఎవరికి చెందవలసినవో వారికి లేకుండ పోయినవి. దేవతలిచ్చినదానిని తిరిగి ఇవ్వక అనుభవించువాడు దొంగయేనని గీత మూడవ అధ్యాయమున భగవానుడు చెప్పిన మాటకు ఆయన ఎన్నో తరగతులలో అర్థము చెప్పియున్నారు. యజ్ఞము, ఋణత్రయము, పితౄణము అని విభజించి మరీ చెప్పియున్నారు. ఆటలో పోగుచేసిన గిన్నెలకు యజమాని లేడు. ఆ అర్ధరాత్రపు గంటకు మాత్రము యజమాని ఉన్నారు, ఆమె నాలుగు పర్యాయములు అడిగినారు కూడ. అయినను ఆయనను ఎక్కువగా బాధించినది అది కాదు. నిద్ర అని చెప్పిన ఆ మాట. ఆట ఆడితినని చెప్పుటకు అరువదేండ్ల వయస్సున సిగ్గు అడ్డువచ్చినది.

చెప్పినది ఒక శనివారము, అన్నము కలిపి పెట్టునప్పుడు. తల్లిగారు ముద్ద నమలుచు విన్నారు.

"అంటే ఆ రోజు మెలకువగానే ఉన్నావన్నమాట."

"అవునమ్మా."

చాలసేపు ఏమియు పలుకలేదు. మజ్జిగన్నము పూర్తియైన పిదప అడిగినారు: "ఏం దొంగిలించావు రా ఇంతకీ?"

ఇప్పుడు ల్యాప్‌టాప్ నడిమిగదిలో, మంచము ప్రక్కనున్న పీటపై ఉండును. హెడ్‌ఫోన్లు మేనల్లునికి తిరిగిపోయినవి. స్పీకరు శబ్దము తగ్గించి ఆడుటచేత దూరపు అడుగులు సరిగా వినబడవు, ఆట కష్టమైనది; ఈ ఆటకు హెడ్‌ఫోన్లు తప్పనిసరియని చెప్పువారి మాట నిజమే. ఒంటరిగా ఉన్నవారు పెట్టుకొనవచ్చును. ఇంటిలో పిలుచువారున్నచో ఒక చెవి తెరచియుంచి, భటుల ప్రదక్షిణమును మరియొకమారు అధికముగా లెక్కించుకొనిన సరిపోవును. ఆయన అట్లే చేయుచున్నారు.

తల్లిగారి చూపు మందగించినది గాని చెవి నేటికిని చురుకు. తెరపై ఏమున్నదో ఆమెకు సరిగా తెలియదు. నల్లగా ఉన్నదని మాత్రము అందురు. మొన్న ఒక రాత్రి గారెట్ ఒక వసారా మలుపున వంగియున్నాడు. ఆయనకు ఇంకను ఏమియు వినబడలేదు.

"ఆగు రా, ఎవడో వస్తున్నాడు" అన్నారు ఆమె, కన్నులు మూసికొనియే.

భటుడు వచ్చినాడు, దగ్గినాడు, మరలినాడు. మరల వచ్చినాడు. వాని వీపు అందునంత దగ్గరలో ఉన్నది. ఒక్క దెబ్బతో మార్గము సుగమమగును. ఆయన వ్రేలు మీటపై నిలిచినది.

"వీడికి రాత్రంతా ఇదేనా పని? కాసేపు కూర్చోనివ్వరా ఎవరూ?" అని తల్లిగారు అడిగినారు.

ఆయన వ్రేలు తీసివేసినారు. భటుడు మూడవమారు మరలిపోవువరకు చీకటిలోనే వేచియుండినారు. అప్పటికి ఆమె శ్వాస దీర్ఘమై, సమమై, ఒక లయకు వచ్చినది. అది కపటనిద్ర కాదని నిశ్చయించుకొనుటకు ఆయన మరికొంతసేపు ఆటను కదపక విన్నారు.